ఆరు రైళ్లు, మూడు విమానాలు, ఒక్క మనిషి

2007 మే నెలలో ఒక ఆదివారం పొద్దున, ఆఫీసుకి బయల్దేరే ముందు, ఎలియేజరు అద్దం ఎదుట నిలబడి ఒకే వాక్యాన్ని పదకొండుసార్లు వల్లె వేశాడు. "సార్, జూలైలో నాకు ముప్పై రోజులు సెలవు కావాలి." పన్నెండోసారి గొంతు వణక్కుండా వచ్చింది. ఇంతే ఆ పూట పథకం. వెళ్లాలి, అడగాలి, సంతకం పెట్టించుకోవాలి, ఎవరికీ ఏమీ చెప్పకుండా బయటికి వచ్చెయ్యాలి.

అతను మనామాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రాయింగులు భద్రపరిచే గుమాస్తా. వయసు నలభై నాలుగు, పెళ్లి కాలేదు. పద్నాలుగేళ్ల సర్వీసులో తనకు కావలసినప్పుడు సెలవు దొరికిన పాపాన పోలేదు. పెళ్లాం పిల్లలు లేనివాడికి వేసవి రాదని, పండగ రాదని, ఆఖరికి జ్వరం కూడా రాదని ఆఫీసుల్లో ఒక గట్టి నమ్మకం. "నీకేంటి బాబూ, ఒంటిగాడివి, ఈసారికి సర్దుకో" అని ఎవరో ఒకరు అనేవారు, ఇతను సర్దుకునేవాడు. మూడేళ్ల కిందట ఎలాగో దొరికిన సెలవుకి చీరాలలో అన్నగారింటికి వెళితే, మూడో రోజు పొద్దున్నే వదినగారు కాఫీ ఇస్తూ తిరుగు టిక్కెట్టు ఎప్పటికని అడిగింది. పాపం ఆవిడ మామూలుగానే అడిగింది. కానీ ఇతను ఆ సాయంత్రమే సామాను సర్దుకున్నాడు.

ఆ తర్వాతే ఈ ప్రయాణం పిచ్చి పట్టుకుంది. జీవితంలో ఒక్కసారి, ఎవరింటికీ కాకుండా, ఎవరి పనిమీదా కాకుండా, వీపున ఒక సంచీ తగిలించుకుని తన కోసం తాను తిరిగి రావాలి. అంతకుమించి అతనికి కోరికలేమీ లేవు. రెండేళ్లపాటు సాయంత్రాలన్నీ ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని రైళ్ల వేళలు రాసుకున్నాడు. బహ్రెయిన్ నుంచి ఇస్తాంబుల్‌కి విమానం. అక్కడినుంచి రాత్రి రైల్లో గ్రీసు. గ్రీసులో మూడు రైళ్లు, ఆపైన రోముకి విమానం, ఇటలీలో రెండు రైళ్లు, తిరుగు విమానం. ఇరవై రెండు రోజులు. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో లాండ్రీ కొట్టు పైన ఉన్న తన ఒంటిగదిలో నాలుగు చార్టు కాగితాలు అతికించి, ఆ దారి మొత్తం గోడమీద గీసుకున్నాడు. రాత్రి పప్పూ ఖుబ్జు రొట్టెలూ తింటూ ఆ గోడవైపు చూసుకునేవాడు. ఏ స్టేషన్లో ఎటు దిగితే బయటికి దారి ఉంటుందో, నీళ్లు ఎక్కడ దొరుకుతాయో అతనికి కంఠతా వచ్చు. చెప్పడానికి మాత్రం ఎవరూ లేరు.

మేనేజరు కృష్ణప్రసాద్ సెలవు చీటీ చదివి కళ్లజోడు తీశాడు. సెలవు లేదనబోతున్నాడనుకున్నాడు ఎలియేజరు. కృష్ణప్రసాద్ ముఖంలో మాత్రం నవ్వు విచ్చుకుంది.

"ముప్పై రోజులా? ఇన్నాళ్లకి దారిలో పడ్డావయ్యా. నేను మా ఆవిడ హేమావతితో ఎప్పుడూ అంటూనే ఉన్నాను, మా ఎలియేజరు ఒక ఇంటివాడైతే చూడాలని."

"అది కాదు సార్, నేను..."

"సిగ్గెందుకు? నలభై దాటితే మాత్రం పెళ్లి చేసుకోకూడదా ఏం? ఎవరు, ఏ ఊరు అని నేనడగను. వచ్చాక ఒక పూట భోజనం పెట్టు, చాలు." అంటూనే సంతకం గీకేశాడు.

పెళ్లి కాదని చెబితే ఆ సంతకం ఏమవుతుందో ఎలియేజరుకి బాగా తెలుసు. ఆ కలం మళ్లీ పైకి లేస్తుంది, జూలైలో సెలవు కావలసిన పిల్లలవాళ్ల పేర్లు నాలుగు బయటికొస్తాయి. అందుకని "థాంక్యూ సార్" అన్నాడు. అక్కడే అతని కొంప మునిగింది. ఎందుకంటే ఆ గది పైకప్పులో తలదూర్చి, నిచ్చెన మీద నిలబడి ఏసీ బాగుచేస్తున్న మనిషి ఒకడున్నాడు. అతని పేరు గిడియోన్. ఏసీ కంపెనీలో సూపర్‌వైజరు, తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో సంఘ పెద్ద. ప్రతి శుక్రవారం ప్రార్థనలో ఎలియేజరు కూర్చునేది ఆయన ఎదుటే, కాకపోతే చిట్టచివరి వరసలో.

సాయంత్రం ఆరింటికల్లా గిడియోన్, ఆయన భార్య లూర్దుమేరి గిన్నెడు కేసరితో తలుపు తట్టారు. లూర్దుమేరి ఒక క్లినిక్‌లో నర్సు. మాట దాచుకోవడం ఆవిడ ఒంటికి పడదు.

"ఏంటి తమ్ముడూ, పైకప్పులో ఉన్న మీ అన్నకి తెలిసేదాకా మాకు చెప్పవా? అమ్మాయిది ఏ ఊరు? గుంటూరు వైపా, మన వైపా?"

"అమ్మాయి లేదక్కా" అన్నాడు ఎలియేజరు.

"లేకపోతే పెళ్లెలా చేసుకుంటావు?" అని గిడియోన్ న్యాయంగానే అడిగాడు.

ఇంతలో లూర్దుమేరి చూపు గోడమీద పడింది. ఎలియేజరు పరదేశపు ఊళ్ల పేర్లన్నీ తెలుగులోనే రాశాడు. చిన్నప్పుడు సండేస్కూల్లో ఎలా నేర్చుకున్నాడో అలాగే రాశాడు, వేరేగా రాయడం అతనికి తెలియదు. ఆవిడ దగ్గరికి వెళ్లి ఒక్కొక్కటే పైకి చదివింది. "థెస్సలొనీక... ఏథెన్సు... కొరింథు... రోమా." తర్వాత మంచం మీద మెల్లగా కూర్చుంది.

"ఏమండీ, ఇది పెళ్లి కాదండీ."

గిడియోన్ కూడా చూశాడు. చూసి, నెత్తిమీద టోపీ తీసేశాడు. "బైబిల్లో పౌలు భక్తుడు తిరిగిన దారి" అన్నాడు.

"అదేం లేదన్నా. ఇస్తాంబుల్లో రైలెక్కితే అటే పోతుంది."

"నడిపించేవాడు నడిపిస్తే రైలు అటే పోతుంది తమ్ముడూ."

"తర్వాత ఫ్లోరెన్సు, వెనిస్ కూడా ఉన్నాయన్నా, చూడు. నేను ఊరికే..."

"ఒక్కడివే" అంది లూర్దుమేరి, కళ్లు తుడుచుకుంటూ. "ఎవరికీ చెప్పకుండా, గొప్ప చెప్పుకోకుండా. మేమేమో నువ్వు భక్తిలో మందకొడివని అనుకున్నాం తమ్ముడూ. క్షమించు."

ఊరికే తిరిగి రావడానికి వెళుతున్నాను, నాకింకేం లేదు అని అప్పుడే చెప్పి ఉంటే కథ ఇక్కడితో అయిపోయేది. కానీ పద్నాలుగేళ్లలో అతని గదికి ఎవరైనా స్వీటు పట్టుకొచ్చి కూర్చోవడం అదే మొదలు. ఆ ముఖాలు వాడిపోతాయేమోనని అతనికి భయం వేసింది. కేసరి తిని ఊరుకున్నాడు.

శుక్రవారం ప్రార్థన అయ్యాక గిడియోన్ లేచి, మన మధ్య ఒక సహోదరుడు మౌనంగా ఎంత పెద్ద యాత్ర తలపెట్టాడో చెప్పాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. చివరి వరసలో వాడికి వెనక ఇంకెవరూ ఉండరు కాబట్టి తనే అని ఎలియేజరుకి అర్థమైంది. ఆ రోజు గిడియోన్ దంపతులు, వాళ్ల పిల్లలిద్దరూ తామూ వస్తామన్నారు. మరుసటి శుక్రవారానికి తొమ్మిదిమంది అయ్యారు. బ్యాంకులో పనిచేసే జయకర్ కుటుంబం కూడా కలిశాక లెక్క పదిహేడు దగ్గర ఆగింది. ఎలియేజరుతో పద్దెనిమిది. టిక్కెట్లు కొనేశారు.

ఇక సాయంత్రాలన్నీ ఆ ఒంటిగదిలోనే. ఎవరికి కావలసింది వాళ్లు గోడమీద చేర్చమన్నారు. వీపు సంచీలు పిల్లలకే అన్నారు, పెద్దలకు చక్రాల పెట్టెలు, వాటితోపాటు రెండు రైస్ కుక్కర్లు. కొరింథులో ఒకపూట ఆరాధన. జయకర్‌కి మాత్రం రెండే సందేహాలు.

"బ్రదర్, అక్కడ అన్నం దొరుకుతుందా?"

"కుక్కర్ తీసుకెళుతున్నాం కదన్నా."

"సరే. బాత్రూముల్లో నీళ్లుంటాయా, కాగితాలేనా?"

"కాగితాలే."

"అయితే చెంబు రాసుకో" అని గట్టిగా చెప్పాడు. ఎలియేజరు రాసుకున్నాడు.

ఫ్లోరెన్సు, వెనిస్‌ల దగ్గర పెద్ద పేచీ వచ్చింది. అక్కడ ఏ భక్తుడూ తిరగలేదు, తీసెయ్యమన్నాడు గిడియోన్. నీళ్లమీద ఊరంట, పడవలంట, ఎవరూ తిరక్కపోతే మనమే మొదలుపెడదాం అంది లూర్దుమేరి. ఆ రెండూ గోడమీదే ఉండిపోయాయి.

మొదటి వారం ఎలియేజరుకి తలప్రాణం తోకకొచ్చింది. తనొక్కడి కోసం వేసుకున్న దారిలో ఈ సంతేమిటని రాత్రి పడుకుని బాధపడ్డాడు. రెండో వారంలో, ఒకరోజు ఎవరూ రాకపోతే, ఏడింటిదాకా తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడతనికి తన సంగతి తెలిసింది. వాళ్లు రావాలి. థెస్సలొనీకలో దిగగానే ఏముంటుందని పిల్లలు అడగాలి, తను చెప్పాలి, వాళ్లు నోళ్లు తెరుచుకుని వినాలి. అతని గదిలో గ్లాసులు రెండే ఉండేవి. జూన్ నెలాఖరుకి పద్దెనిమిది అయ్యాయి. ఒక్కో కుటుంబానికీ ఒక్కో నోటుపుస్తకం రాసిచ్చాడు. ఏ పెట్టెలో ఎక్కాలి, ఎన్ని నిమిషాలు ఆగుతుంది, దిగాక కుడికా ఎడమకా, అన్నీ అందులో ఉన్నాయి. ఒంటరిగా వెళ్లాలన్న కోరిక ఎటు పోయిందో అతనికే తెలియదు. ఇప్పుడు పద్దెనిమిదిమందితోనే వెళ్లాలని ఉంది.

యూరప్ వీసా ఇంటర్వ్యూ రోజున అందరి కాగితాలూ ఎలియేజరే సర్ది, అందరినీ వరసలో నిలబెట్టి, చివర తను నిలబడ్డాడు. ముందున్న పదిహేడుమందికీ అద్దం వెనక కూర్చున్న అధికారిణి రెండేసి ప్రశ్నలు వేసి పంపింది. ఇల్లుంది, పిల్లల బడి ఉంది, ఉద్యోగం ఉంది, తిరిగొస్తారు. ఎలియేజరు వంతు వచ్చింది. ఆవిడ కాగితాలు తిరగేసి, ఇంగ్లీషులో మర్యాదగానే అడిగింది.

"మీకు పెళ్లయిందా?"

"లేదండీ."

"ఇండియాలో అమ్మానాన్నలు?"

"లేరండీ."

"ఇక్కడ బహ్రెయిన్లో మీకు దగ్గరివాళ్లు ఎవరైనా ఉన్నారా? మీరు తిరిగొస్తారని ఎదురుచూసేవాళ్లు?"

"ఉన్నారండీ" అన్నాడు ఎలియేజరు. ఆ జవాబు తన నోట అంత సులువుగా వచ్చినందుకు అతనికి సంతోషం కలిగింది. "పదిహేడుమంది ఉన్నారు."

"వాళ్లెక్కడున్నారు?"

ఎలియేజరు వెనక్కి తిరిగి బెంచీలమీద వరసగా కూర్చున్నవాళ్లని చూపించాడు. జయకర్ చెయ్యి ఊపాడు.

"వాళ్లంతా మీతోనే వస్తున్నారు కదా."

"అవునండీ."

"మరి వాళ్లు కాకుండా ఇక్కడ ఇంకెవరున్నారు?"

అతను ఆలోచించాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి, పైగా అంతమంది కళ్లముందు. కింద లాండ్రీ కొట్టతను గుర్తొచ్చాడు కానీ అతనూ ఆ నెలలో ఊరెళుతున్నాడు. "ఎవరూ లేరండీ" అన్నాడు.

రెండు రోజులకి పాస్‌పోర్టులు వచ్చాయి. పదిహేడింటిలో వీసా ముద్ర ఉంది. పద్దెనిమిదోదానితో ఒక కాగితం వచ్చింది. ఈయన తిరిగి వస్తాడని నమ్మడానికి తగిన కారణం కనబడలేదని అందులో రాసి ఉంది. ఎలియేజరు దాన్ని రెండుసార్లు చదివాడు. నిజం చెప్పాలంటే అతనికీ కనబడలేదు.

"మేమూ మానేస్తాం తమ్ముడూ" అంది లూర్దుమేరి. గదిలో అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. గిడియోన్ పిల్లలు కొత్త టోపీలు చేత్తో పట్టుకుని తండ్రి ముఖంలోకి చూస్తున్నారు.

"మానొద్దక్కా. టిక్కెట్లు కొన్నారు. వెళ్లిరండి."

"నువ్వు లేకుండా ఎలా వెళతాం?"

"పుస్తకంలో అన్నీ రాశాను."

ఇంకొక్కసారి వాళ్లు కాదంటే బాగుండునని అతనికి లోపల ఎంతో ఉంది. ఒక్కసారి చాలు, ఆ మాట పట్టుకుని నెలంతా బతికేవాడు. గిడియోన్ పిల్లలు టోపీలు మళ్లీ తలకి పెట్టుకున్నారు. తర్వాత జయకర్ గొంతు సవరించుకుని, "అయితే చెంబులు ఎన్ని రాశాం?" అన్నాడు.

బయటికి వచ్చాక గిడియోన్ అతని భుజంమీద చెయ్యివేశాడు. "ఆఫీసులో ఈ సంగతి చెప్పకు. వెళ్లలేదని తెలిస్తే రేపే డ్యూటీకి లాగేస్తారు. నువ్వు గదిలో ఉంటే మాకు ఫోన్లో దారి చెప్పడానికి ఉంటావు." ఆగి, కొంచెం మొహమాటపడుతూ, "ఆ వీపు సంచీ ఎలాగూ ఖాళీగానే ఉంటుంది కదా, మావాడికి ఇస్తావా?" అన్నాడు. ఎలియేజరు లోపలికి వెళ్లి తెచ్చి ఇచ్చాడు. అడుగున పెట్టుకున్న రెండు జతల మేజోళ్లు తీసుకుని మరీ ఇచ్చాడు.

జూలై మొదటివారంలో వాళ్లు విమానం ఎక్కారు. ఎలియేజరు పరదాలు వేసుకుని, ఏసీ పెట్టుకుని, తన సెలవుని తన గదిలోనే మొదలుపెట్టాడు. మూడో రోజు పొద్దున ఫోను ఒకసారి మోగి ఆగిపోయింది. పరాయి దేశం వెళ్లినా మనవాళ్లు మిస్డ్ కాలే ఇస్తారు. ఇతను కార్డు గీకి తిరిగి చేశాడు.

"తమ్ముడూ, థెస్సలొనీకలో దిగాం. కుడికా, ఎడమకా?"

"పుస్తకంలో ఉంది కదన్నా."

"పుస్తకం పెట్టె అడుగున ఉంది, పైన కుక్కరుంది."

ఎలియేజరు గోడ ముందు నిలబడ్డాడు. "ఎదురుగా గడియారం కనబడుతోందా? దానికి ఎడమపక్కకి నడవండి. పెద్ద తలుపు వస్తుంది."

నడుస్తున్న అడుగుల చప్పుడు, చక్రాల చప్పుడు వినబడ్డాయి. "వచ్చింది తమ్ముడూ, తలుపు వచ్చింది" అన్నాడు గిడియోన్. పక్కన పిల్లలు నవ్వుతున్నారు. వెనకాల ఎవరో పరభాషలో రైలు పేరు పిలుస్తున్నారు. రెండేళ్లుగా తను కాగితంమీద చూసిన స్టేషను అది. ఎలియేజరు ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు.

ఆ తర్వాత రోజుకి పదిసార్లు. టిక్కెట్టు ఎక్కడ గుద్దించాలి, ఈ మంచినీళ్లలో గ్యాసెందుకుంది, ఇక్కడ పెరుగు దొరుకుతుందా. ఫోను కార్డులు అయిపోయి ఒకసారి వీధిలోకి వెళితే, కృష్ణప్రసాద్ కారు ఎదురొచ్చింది. ఎలియేజరు పళ్ల దుకాణంలో పుచ్చకాయల కుప్ప వెనక గొంతుక్కూర్చున్నాడు. దుకాణం భాయ్ అతన్ని వింతగా చూసి, ఏది కావాలో చెప్పమన్నాడు. ఆ రోజు అక్కర్లేని పుచ్చకాయ ఒకటి మోసుకుంటూ ఇంటికి వచ్చాడు. ఆ తర్వాత అన్నీ బస్సెక్కి, దూరంగా ఉన్న బుదైయా వెళ్లి కొనుక్కొచ్చేవాడు.

కొరింథుకి వెళ్లేనాడు మాత్రం కంగారు పుట్టింది. మధ్యలో ఒక స్టేషన్లో దిగి రైలు మారాలి. పదహారుమంది మారారు. లూర్దుమేరి కుక్కరు మర్చిపోయానని వెనక్కి వెళ్లేసరికి తలుపులు మూసుకుని, పాత రైలు ఆవిడతో సహా వెళ్లిపోయింది. ఫోను ఆవిడ దగ్గరే ఉంది. ఈసారి మిస్డ్ కాల్ కాదు.

"తమ్ముడూ, నేనొక్కదాన్నే అయిపోయాను. ఇక్కడ అక్షరాలు కూడా చదవడానికి లేవు. ఎటు చూసినా ఎవరూ లేరు." ఆవిడ ఏడుస్తోంది. వందమందికి సూదులు పొడిచిన మనిషి చిన్నపిల్లలా ఏడుస్తోంది.

"అక్కా, వచ్చే స్టేషన్లో దిగండి. వంతెనెక్కి అవతలి ప్లాట్‌ఫాం మీదికి రండి. పదకొండు నిమిషాల్లో వెనక్కి వెళ్లే బండి వస్తుంది."

"నువ్వు ఫోన్ పెట్టెయ్యకు."

"పెట్టను."

"అక్కడే ఉంటావు కదా?"

"ఎక్కడికి పోతానక్కా. ఇక్కడే ఉన్నాను."

పదకొండు నిమిషాలూ ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఒక్కతినే ఇలా ఉంటే గుండె ఇంత బరువుగా ఉంటుందని నాకు తెలియదు తమ్ముడూ అంది ఆవిడ. నువ్వెలా ఉంటున్నావు ఇన్నేళ్లుగా అని కూడా అడిగింది. ఆ ప్రశ్న అతన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. "బండి వచ్చే వేళయింది, పసుపు గీత వెనక నిలబడండి" అన్నాడు. బండి వచ్చింది. ఆవిడ ఎక్కి, కొరింథు బండి రాకముందే వెనకటి స్టేషన్లో దిగింది. అటువైపు గిడియోన్ గొంతు, పిల్లల కేకలు వినబడ్డాయి, ఫోను ఆగిపోయింది. ఎలియేజరు ఆ సాయంత్రం అన్నం వండుకోలేదు.

ఇరవై రెండో రోజు పదిహేడుమందీ క్షేమంగా దిగారు. శుక్రవారం ప్రార్థనలో గిడియోన్ లేచి సాక్ష్యం చెప్పాడు. ప్రతి స్టేషన్లోనూ తమకు ఒక స్వరం వినిపించిందని, కుడికి తిరగమంటే కుడికి, ఎడమకు తిరగమంటే ఎడమకు తిరిగామని, ఆ స్వరం తమను ఎక్కడా విడిచిపెట్టలేదని చెబుతుంటే చాలామంది కళ్లు తుడుచుకున్నారు. ఆ స్వరం ఎవరిదో ఆయన వేరే చెప్పలేదు. వింటున్నవాళ్లకు తెలిసేసిందనుకున్నాడు. వాళ్లు మాత్రం అది దేవుడి స్వరమనుకున్నారు. లూర్దుమేరి ఒక్కతే వెనక్కి తిరిగి చివరి వరస వైపు చూసింది. ఎలియేజరు తలెత్తలేదు. ఆ రోజునుంచి సాయంత్రాలు అతని గదికి ఎవరూ రాలేదు. రావడానికి పనేమీ మిగల్లేదు, తప్పెవరిదీ కాదు.

ముప్పై ఒకటో రోజు పొద్దున అతను ఆఫీసుకి వెళ్లాడు. ఇది పెళ్లి కాదు, యాత్ర అని ఈలోగా కృష్ణప్రసాద్‌కి ఎవరో చెప్పినట్టున్నారు. ఆయన కుర్చీలోంచి లేచి మరీ చెయ్యి కలిపాడు.

"ఏమయ్యా, నెలరోజులు దేశాలన్నీ తిరిగొచ్చినా ఎండ పొడ కూడా తగిలినట్టు లేదే. ఇంకా తెల్లబడ్డావు."

"అక్కడ చల్లగా ఉంటుంది సార్."

"అదృష్టవంతుడివి. మాకు పిల్లలు, చదువులు, కదలడానికి లేదు. ఇంతకీ ప్రయాణం ఎలా జరిగింది?"

ఎలియేజరు డ్రాయింగుల బీరువా తాళాలు అందుకుంటూ చెప్పాడు. "బాగా జరిగింది సార్. ఒక్క రైలు కూడా తప్పిపోలేదు."